ఖల్తార్ ఈనిన వసంతం

మా కుక్క ఖల్తార్ పిల్లలకి ఇళ్ళు వెతికిన వసంతంలోనే మా అత్తగారికి ఉన్నట్టుండి చెవుడొచ్చింది.

అంతకుముందు ఆవిడవి మామూలు చెవులు కావు. గుట్ట అవతల మేక తుమ్మితే, గుడారంలో టీ కాస్తూనే అది ఏ మేకో చెప్పేది. అలాంటి మనిషి, కుక్కపిల్ల కావాలంటూ ఎవరైనా వచ్చి ఎదురుగా కూర్చుంటే చాలు, గుడారం పైకప్పు లేచిపోయేలా కేకలేసి మాట్లాడేది. వచ్చినవాళ్ళూ పాపం కేకలేసే జవాబు చెప్పేవాళ్ళు. వయసు మీద పడుతోంది కాబోలు అనుకున్నాను.

ఖల్తార్ మా మందకి కాపలా కుక్క. ఒళ్ళంతా నలుపు, కళ్ళపైన రెండు గోధుమరంగు చుక్కలు. అలాంటిదాన్ని నాలుగు కళ్ళ కుక్క అంటాం. రెండు కళ్ళు నిద్రపోయినా మిగతా రెండూ తోడేళ్ళ కోసం చూస్తూనే ఉంటాయట. మా కొత్త సంవత్సరం, తెల్లమాసం పండగకి చేసిన పిండివంటలు ఇంకా అయిపోకముందే, మంచు కురుస్తున్న ఒక పొద్దున, బండి కింద ఐదు పిల్లల్ని పెట్టింది. నేను వెళ్ళేసరికి మా అత్తగారు ఖండ్‌మా అప్పటికే మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్కదాన్నే తీసి తన పొడుగు కోటు లోపల దోపుకుంటోంది.

"అత్తయ్యా, కుక్కల్ని గుడారంలోకి తెస్తున్నారా?" అన్నాను. మా దగ్గర కుక్క గడప దాటకూడదు. ఆ కట్టుబాటు మా ఇంట్లో అందరికంటే గట్టిగా పట్టుకున్నది ఆవిడే.

"ఇవి కుక్కలని ఎవరన్నారే? ఇంకా కళ్ళే తెరవలేదు. కళ్ళు తెరిస్తే అప్పుడు కుక్కలు."

కళ్ళు తెరిచాయి. "మొరగడం రాలేదుగా. మొరిగితే అప్పుడు కుక్కలు," అంది.

మొరగడమూ వచ్చింది. ఆ రోజు నావైపు చూడకుండా బుట్ట తీసుకుని పిడకలు తేవడానికి పోయింది.

అలా ఐదూ పొయ్యి పక్కన, కొత్తగా పుట్టిన గొర్రెపిల్లల మధ్య పెరిగాయి. ఎవరింటికో వెళ్ళేవాటికి మనం పేర్లు పెట్టకూడదు, కొత్త యజమానే చెవిలో చెప్పాలి. కానీ ఏదో ఒకటి అని పిలవాలి కదా. అన్నిటికంటే లావుగా ఉన్నది బొండాం. ఎప్పుడూ మూలుగుతూ ఉండేది సణుగుడు. పాలు తాగేటప్పుడు కూడా తొందర పడకుండా, మిగతావాళ్ళని అవతలికి నెట్టి హుందాగా తాగేవాడు రాజుగారు. కంటికి కనిపించినదల్లా ఎత్తుకుపోయేది దొంగ. అన్నిటికంటే చిన్నది పిడికిలి. ఖల్తార్ దగ్గర పాలకి కొదవలేదు, పిడికిలికి చోటే దొరికేది కాదు. వెనక నుంచి ఎక్కి, జారి, మళ్ళీ ఎక్కి, చివరికి రాజుగారి వీపు మీదే నిద్రపోయేది. దాన్ని నేను కోటులో పెట్టుకుని మేకపాలు పట్టేదాన్ని. మేకల దగ్గరికి వెళ్ళినా నాతోనే ఉండేది. గడ్డం కింద వెచ్చగా, అప్పుడప్పుడూ తడిగా కూడా.

ఒక రోజు దొంగ మా అత్తగారి బూటు ఒకటి లాక్కుపోయింది. ఆవిడ ఒంటికాలి మీద గెంతుతూ వెంటపడింది. అది చూసి బెదిరిన బొండాం పెరుగు కుండలో పడింది. పైకి తీస్తే తెల్లగా, తోకతో సహా తెల్లగా, తుమ్ముతూ నిలబడింది. సరిగ్గా అప్పుడే మా పొరుగు గుడారం సెవ్‌జిద్ అక్క తలుపు తీసి, "అయ్యో, ఒకటి తెల్లది కూడా పుట్టిందా? నాకు చెప్పలేదేం?" అంది.

మా అత్తగారు ఆ ఒంటి బూటుతోనే కింద కూలబడి నవ్వింది. ఆపుకోలేక, పక్కటెముకలు పట్టుకుని నవ్వింది.

ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, నా మొగుడు జోరిగ్, నది మీద మంచు విరిగి పోయాడు. అప్పటి నుంచి ఆ గుడారంలో మేమిద్దరమే. పుట్టింటికి పొమ్మని ఆవిడ అనలేదు, పోతానని నేను అనలేదు. మా మధ్య మాటలంటే గొర్రెలు, గాలి, పిడకలు. ఆవిడ నవ్వు ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను. ఆ రోజు పెరుగు మొత్తం పాడైనా ఇద్దరికీ బాధ కలగలేదు.

మంచు కరిగి నేల కనబడేసరికి పిల్లలు మాంసం ముక్క నమలడం నేర్చాయి. ఇళ్ళు వెతకాల్సిన వేళయింది. కబురు ఎలా పాకిందో గాని, చుట్టుపక్కల లోయల నుంచి మనుషులు రావడం మొదలుపెట్టారు.

మొదట పడమటి లోయ నుంచి ఒక మొగుడూ పెళ్ళామూ వచ్చారు. మాకు టీ పొడి అచ్చు, ఖల్తార్‌కి ఒక సీసా పాలు తెచ్చారు. తల్లికి ఏదైనా ఇవ్వకుండా పిల్లని అడగడం మర్యాద కాదు.

"మీవైపు తోడేళ్ళు ఎక్కువా?" అంది అత్తయ్య, మామూలు గొంతుతోనే.

"ఎక్కువే పెద్దమ్మా."

"అయితే రాజుగారిని తీసుకుపోండి."

అంతే. దీవెనగా రాజుగారి నుదుట వెన్న రాసి ఇచ్చేసింది. ఇంత సులువుగా తేలిపోతుందని నేననుకోలేదు.

తరవాత వచ్చినవాడు లారీ డ్రైవర్ గొంబో. పెళ్ళాం పోయినవాడు, మీసాలకి నూనె రాసుకుని వచ్చాడు. అప్పుడే మా అత్తగారికి చెవుడు వచ్చింది.

"నువ్వు తాగుతావా?" అని అరిచింది. నేను పొయ్యి దగ్గర ఉలిక్కిపడ్డాను.

"పండగలకి, పెళ్ళిళ్ళకి..."

"తాగితే పాడతావా, కొడతావా?"

"ఆఁ?"

"పాడతావా! కొడతావా!"

"పాడతాను!" అని గొంబో కూడా అరిచాడు.

"ఏదీ, పాడు."

తాగకుండానే పాడాడు పాపం. రెండో వరుసకి వచ్చేసరికి సణుగుడు తల పైకెత్తి తనూ ఊళపెట్టింది. గొంబో ఆగితే అదీ ఆగింది. మళ్ళీ అందుకుంటే అదీ అందుకుంది. అత్తయ్య నాకేసి ఒకసారి చూసి, "నీకు ఇదే సరైన జోడీ నాయనా. లారీలో తోడుంటుంది," అని సణుగుడిని వాడి చేతుల్లో పెట్టింది. ఇద్దరూ సంతోషంగానే వెళ్ళారు.

లారీ కనుమరుగయ్యాక, "గొంతు బాగాలేదు. ముప్పై ఏళ్ళు ఆ గొంతు వినాలంటే కష్టం," అంది.

"కుక్క ముప్పై ఏళ్ళు బతుకుతుందా అత్తయ్యా?"

"ఆఁ? వినపడలేదు," అని గొర్రెల దగ్గరికి పోయింది.

ఆ తరవాత మరో ఇద్దరు వచ్చారు, ఇద్దరూ ఒంటరి మగాళ్ళే. పొద్దున పొయ్యి ఎవరు రాజేస్తారని ఒకణ్ణి అడిగింది. మా వదిన అన్నాడు. వదినకి ఒంట్లో బాగాలేకపోతే? పక్కింటావిడ అన్నాడు. వాడికి టీ మాత్రమే దక్కింది. రెండోవాడు, "కుక్కపిల్లకి ఇదంతా దేనికి పెద్దమ్మా?" అని అడిగాడు. "ఇంట్లో మనుషుల్ని చూసే కుక్క నేర్చుకుంటుంది!" అని గర్జించింది. అదీ నిజమే కదా అనుకున్నాను. అంత అమాయకంగా ఉన్నాను నేను.

ఇంతలో దుమ్ము తుఫాను వచ్చింది. మధ్యాహ్నమే ఆకాశం ఇటుకరంగుకి తిరిగింది. గొర్రెల్ని దొడ్లోకి తోలుకొచ్చేసరికి మేకలు గాలి వాలున ఎటో కొట్టుకుపోయాయి. వాటితో పాటు ఖల్తార్ కూడా. మేకల్ని వదిలి రమ్మంటే అది రాదు.

ఇంట్లో మూడు పిల్లలు మిగిలాయి: బొండాం, దొంగ, పిడికిలి. మాంసం కొరుకుతున్నా, నిద్రకి ముందు వాటికి తల్లి పాలు కావాలి. గాలి గుడారాన్ని పట్టుకుని ఊపుతుంటే మూడూ తలుపు దగ్గర చేరి ఒకటే ఏడుపు. మేకపాలు కొమ్ములో పోసి, చివర గుడ్డ కట్టి పట్టాం. బొండాం తాగింది, దొంగ గుడ్డతో సహా లాక్కుంది. పిడికిలి మాత్రం మూతి తిప్పేసుకుంది. అత్తయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "తాగవే, మీ అమ్మ వస్తుందే," అంటూనే ఉంది. వస్తుందో రాదో ఇద్దరికీ తెలియదు. మాకు ధర పలికేది మేకల మెత్తటి ఉన్నికే, మేకలు పోతే ఆ ఏడాది అమ్ముకోవడానికి ఏమీ లేదు. కానీ ఆ సాయంత్రం ఆవిడ మేకల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మర్నాడు గాలి తగ్గాక మోటారు సైకిల్ చప్పుడు వినిపించింది. దాని మీద ఒక పొడుగాటి మనిషి, ఒంటి మీద కోటు లేకుండా, చలికి నీలంగా ఉన్నాడు. కోటు ఖల్తార్‌కి చుట్టి ఉంది. ఖల్తార్ అతని ముందు కూర్చుని, ముందుకాళ్ళు రెండూ హ్యాండిల్ మీద పెట్టి, బండి తనే నడుపుతున్నట్టు వస్తోంది.

"ఈ కుక్క మీదేనా పెద్దమ్మా?" అన్నాడు దిగుతూ. "మేకలు మావైపు వాగులో ఉన్నాయి, అన్నీ క్షేమం. మా అన్నని కాపలా పెట్టి వచ్చాను. తోలుకొస్తే సాయంత్రమవుతుంది. దీనికి పాలు కారుతున్నాయి, ఇంట్లో పిల్లలుంటాయి కదా అని ముందు దీన్ని తెచ్చాను."

అతని మాట పూర్తి కాకముందే ఖల్తార్ దూకి తలుపులోంచి లోపలికి పోయింది. కట్టుబాటు ఎవరికీ గుర్తు రాలేదు. మూడు పిల్లలూ ఒకదాని మీద ఒకటి పడి, కుయ్యిమన్నాయి. చివరికి పాలు మింగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేకుండా పోయింది. ఈసారి పిడికిలికి చోటు దొరికింది.

అప్పుడు చూశాను, అతని చేతినుంచి రక్తం కారుతోంది.

"కరిచిందా?" అన్నాను.

"కొంచెం. మర్యాదగానే కరిచింది."

అతని పేరు షగ్దర్. నేను చెయ్యి కడిగి గుడ్డ కడుతుంటే, అత్తయ్య అతని మోకాలికి మూరెడు దూరంలో కూర్చుని అరవడం మొదలుపెట్టింది.

"మీ ఇంట్లో పొద్దున్న పొయ్యి ఎవరు రాజేస్తారు?"

అతను ఉలిక్కిపడి, "ఇంట్లో నేనొక్కణ్ణే. నేను రాజేయకపోతే అది తనంతట తను రాజుకోదు పెద్దమ్మా," అన్నాడు.

"తాగితే?"

"నిద్రపోతాను. మా అక్క పెళ్ళిలో నిద్రపోయి విందు మొత్తం పోగొట్టుకున్నాను."

"కోపం వస్తే ఏం చేస్తావు?"

"పిడకలు పేరుస్తాను. ఒక చలికాలం మా పిడకల గోడ చూసి, ఎవరి మీద నాయనా ఇంత కోపం అని ఊరంతా అడిగారు."

నేను నవ్వాపుకోవడానికి ముడి గట్టిగా బిగించాను. అతను అబ్బా అన్నాడు.

సాయంత్రానికి అన్నతో కలిసి మేకల్ని తోలుకొచ్చి అప్పగించాడు. వెళ్ళేముందు కాస్త సిగ్గుపడుతూ, తనకీ ఒక కుక్కపిల్ల కావాలన్నాడు. అప్పటికే పిడికిలి అతను విడిచిన బూటులో దూరి, తోక మాత్రం బయటికి పెట్టి నిద్రపోతోంది.

"ఆ ఒక్కటి ఇవ్వండి చాలు."

"దానికింకా వయసు రాలేదు. తరవాత రా," అంది అత్తయ్య.

ఖల్తార్ అతన్ని నమ్మి వచ్చింది కదా, ఇవ్వచ్చుగా అన్నాను ఆ తరవాత. "కుక్క తెలివితక్కువది. ఎముక ముక్క పడేస్తే ఎవడి వెంటైనా పోతుంది. నేనంత తొందరగా పోను," అంది.

అతను వచ్చాడు. మంగళవారం ఇవ్వకూడదంది. మళ్ళీ వచ్చాడు. చంద్రుడు తరిగే రోజులంది. ఇంకోసారి వచ్చినప్పుడు ఏ కారణమూ చెప్పలేదు, దొడ్డి తలుపు విరిగింది బాగుచేయమంది. బాగుచేశాడు. వచ్చినప్పుడల్లా ఖల్తార్‌కి పాలు, మాకు ఎండబెట్టిన పెరుగు ముక్కలు తెచ్చేవాడు. పిడికిలి అతని బూటులో పట్టనంత పెద్దదైంది. అయినా దూరడానికి చూసేది, తల ఇరుక్కుని గుడ్డిగా తిరిగేది. నేను బూటు పట్టుకుంటే అతను తోకవైపు నుంచి లాగేవాడు. ఇద్దరమూ వెనక్కి పడేవాళ్ళం.

బొండాం మరో దంపతులతో తూర్పుకి వెళ్ళింది. దొంగని తీసుకుపోవడానికి సెవ్‌జిద్ అక్క వచ్చి, నన్ను పక్కకి లాగింది.

"ఇంతకీ ఎవరు కుదిరారే? ఆ మోటారు సైకిల్ అతనేనా?"

"కుదరడమేంటి? పిడికిలికా?"

సెవ్‌జిద్ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఓసి పిచ్చిమొద్దూ! ఖండ్‌మా కోడలికి సంబంధం చూస్తోందని ఈ చుట్టుపక్కల గొర్రెలకి కూడా తెలుసు. గొంబో మీసాలకి నూనె రాసుకున్నది కుక్క కోసమనుకున్నావా?"

ఆ మధ్యాహ్నం మేకల ఉన్ని దువ్వే పని ఉంది. అత్తయ్య కొమ్ములు పట్టుకుంది, నేను దువ్వెన పట్టుకున్నాను.

"సెవ్‌జిద్ అక్క ఏదో అంటోంది అత్తయ్యా."

"ఆఁ?"

"వినపడనట్టు నటించకండి."

ఆవిడ మేక కొమ్ముల మీద చేతులు సర్దుకుంది.

"నన్ను వదిలించుకోవాలనా?" అన్నాను. దువ్వెన ఆపేశాను. కోపమో, ఇంకేదో.

"కుక్కపిల్లలు నావి. ఎవరికివ్వాలో నేను చెప్తాను," అంది. "నువ్వు అలా కాదు. అందుకే ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. అడిగాను, అంతే. నువ్వు పొయ్యి దగ్గర గిన్నెలు మోగిస్తూ కూర్చుంటావు. జవాబులు నీకు వినపడాలి కదా. అందుకని అరిచాను. వాళ్ళూ అరిచారు. రాత్రికి నా గొంతు ఎలా మండేదో నీకేం తెలుసు?"

"జోరిగ్ ఉంటే..." అన్నాను.

"జోరిగ్ లేడు," అంది.

ఆ మాట మా గుడారంలో అప్పటిదాకా ఎవరూ పైకి అనలేదు. అన్నాక గాలి వీస్తూనే ఉంది, మేక నెమరేస్తూనే ఉంది.

"వెనక కాలు పట్టుకో, తన్నబోతోంది," అంది ఆవిడ. పట్టుకున్నాను. మిగతా ఉన్ని దువ్వడం పూర్తి చేశాం.

షగ్దర్ మళ్ళీ వచ్చినప్పుడు అత్తయ్య లోపల పిండి పిసుకుతోంది. నేనే బయటికి వెళ్ళాను. పిడికిలి అతని కోటు అంచు పట్టుకుని వెనక్కి లాగుతోంది.

"అత్తయ్య నిన్ను అన్నీ అడిగింది. నేనూ ఒకటి అడగాలి," అన్నాను.

"అడుగు."

"మా అత్తయ్యని వదిలి నేను ఎక్కడికీ రాను. అప్పుడేం చేస్తావు?"

అతను వంగి పిడికిలి నోట్లోంచి కోటు అంచు విడిపించుకున్నాడు. అది ఇంకో అంచు పట్టుకుంది.

"మీ వేసవి మకాం ఎక్కడ?"

"ఉత్తరాన, చిన్న వాగు దగ్గర."

"అక్కడ గడ్డి నా మందకి కూడా సరిపోతుందా?"

నాకు చెవులు వేడెక్కాయి. "సరిపోతుంది," అన్నాను మెల్లగా.

"నీళ్ళు కూడా సరిపోతాయి!" అని గుడారంలోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

అతను అప్పుడే పిడికిలిని ఎత్తుకుని, నుదుట వెన్న రాయమని లోపలికి తీసుకెళ్ళాడు. చెవిలో ఏదో పేరు చెప్పాడు. అది ఏ పేరో నాకు ఇప్పటికీ చెప్పలేదు. దూడంత కుక్క అయ్యాక కూడా మేమంతా పిడికిలి అనే పిలిచేవాళ్ళం, అది పలికేది.

గడ్డి పచ్చబడ్డాక వాగు దగ్గరికి మారాం. మా గుడారం నిలబెట్టిన మర్నాడే షగ్దర్ గుడారం కట్టెలు, ఉన్ని చాపలు, పెట్టెలు, పొయ్యి ఒక ట్రక్కులో వచ్చాయి. పొద్దుటి నుంచి అత్తయ్య అతన్ని ఒక్క క్షణం కూర్చోనివ్వలేదు. తలుపు ఇంకాస్త దక్షిణానికి తిప్పమంది. మా గుడారానికి మరీ దగ్గరైందంది, జరిపితే మరీ దూరమైందంది. ఖల్తార్ ఏ గుడారానికి కాపలా కాయాలో తేల్చుకోలేక రెండిటి మధ్యా పడుకుంది. పిడికిలి తాళ్ళు విప్పడంలో అందరికీ సాయం చేసింది, కట్టినవాటిని కూడా.

ట్రక్కు డ్రైవర్ పట్నం మనిషి, మేమెవరమో అతనికి తెలియదు. నీడలో కూర్చుని అత్తయ్య కాచిన పాల టీ తాగుతూ, "ఆ తాళ్ళు కడుతున్నాయన మీకేమవుతాడు పెద్దమ్మా?" అని అడిగాడు.

షగ్దర్ చేతిలో తాడు ఆగిపోయింది. నేను కూజా పట్టుకుని అలాగే నిలబడ్డాను. కోడలి మొగుడికి మా దగ్గర వరస లేదు.

"మా అల్లుడు," అంది అత్తయ్య. అరవలేదు, మామూలుగానే అంది. "ముడి వేయడం సరిగా రాదు. నేర్పాలి."

డ్రైవర్ తలూపి నావైపు తిరిగాడు. "మీ అమ్మ చేతి టీ చాలా బాగుందమ్మా. ఇంకొంచెం పోయండి."

అతని గిన్నె నింపాను. కాస్త ఒలికింది.

"మా అమ్మ ఉప్పు కొంచెం ఎక్కువేస్తుంది," అన్నాను.

"ఎక్కడే ఎక్కువ? సరిగ్గానే వేశాను," అంది ఆవిడ, ఇటు తిరగకుండానే.